ఐదున్నర శ్రుతి కృష్ణుడు

మాఘమాసం తిరునాళ్ళకి వెయ్యబోయే కృష్ణరాయబారం పద్యనాటకంలో, కృష్ణుడు నిద్ర నటించే పడక సీను మొదలు కౌరవసభ దాకా కృష్ణుడు ఒక్కరేనట. ఆ ఒక్కరూ ఆడమనిషట. పొద్దున్నే మొదలైన ఈ కబురు రాత్రి పదకొండు దాటినా సద్దుమణగలేదు. అవునో కాదో చెప్పాల్సిన కాంట్రాక్టరు ఫోనెత్తడు. ఎత్తట్లేదంటేనే నిజమని మా ఆయన వాదన. పోస్టరు అచ్చయి గోడెక్కేదాకా ఏ వేషమూ ఖాయం కాదని మామయ్యగారు. అత్తయ్యగారి సంగతి మీకు తెలిసిందే, నాటకాల ఊసెత్తితే టీవీ సౌండు పెంచుతారు.

నాకు చిరాకు తెప్పించింది పుకారు కాదు. పుకారు లేకుండా ఏ తిరునాళ్ళ నాటకం పడింది గనక! సాయంత్రం మా అరుగు మీద చేరిన పెద్దమనుషులు దాన్ని పట్టుకుని చేసిన వాదన చూడాలి. కృష్ణుడికి నిండు విగ్రహం ఉండాలంటాడు ఒకాయన. ఆడగొంతు ఎంత బాగున్నా సభ దద్దరిల్లదంటాడు ఇంకొకాయన. మూడో ఆయన చెయ్యి గాల్లో ఊపి ‘సంప్రదాయం’ అనేసి కాఫీ గ్లాసు కింద పెట్టాడు, ఇక ఎవరూ మాట్లాడ్డానికేమీ మిగల్లేదన్నట్టు.

తెనాలిలో కూర్చుని ఆ మాట! స్థానం నరసింహారావు గారు బాపట్లలో పుట్టి, ఈ ఊరి రామవిలాస సభలో ఆడవేషాలు కట్టే పేరు తెచ్చుకున్నారు. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామ వేషం కోసం ‘మీరజాలగలడా’ పాటని తనే రాసుకున్నారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. మగాయన సత్యభామ అయితే కళ, ఆడావిడ కృష్ణుడైతే అపచారం. పోనీ సంప్రదాయమే తవ్వుదామంటే, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టారు. మిగతా సమాజాలేమో మగపిల్లలకి సవరాలు పెట్టి చీరలు చుట్టేవి. రెండూ తెలుగు నాటకమే. వీళ్ళు అంటున్న సంప్రదాయం ఈ రెండిట్లో ఏదో అడుగుదామనుకున్నా. మామయ్యగారు కళ్ళతోనే వద్దన్నారు.

విగ్రహం మాట కొస్తే, రాయబారం సభలో దుర్యోధనుడు సింహాసనం మీద కూర్చుని ఉంటాడు, కృష్ణుడు ముందుకొచ్చి మైకు దగ్గర నిలబడతాడు. బంధించమని దుర్యోధనుడు లేచేదాకా ఇద్దరి ఎత్తూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశమే ప్రేక్షకుడికి రాదు. భుజకీర్తులు పెట్టాక ఎవరి భుజాలైనా ఒకటే. అసలు చిక్కు కిరీటంతో. అద్దెకి తెచ్చే కిరీటాలన్నీ మగాళ్ళ తలకి చేసినవి. వదులైతే లోపల గుడ్డ కుక్కుతారు, అయినా పద్యం మధ్యలో తల విసిరేసరికి అది కిందికి జారి చెవుల మీద కూర్చుంటుంది. చెవులు మూసుకుపోతే హార్మోనియం వినపడదు. వినపడకపోతే తారస్థాయికి వెళ్ళిన గొంతు ఎక్కడ దిగాలో తెలియక అటో ఇటో జారుతుంది. శ్రుతి తప్పిందని అరుగు మీద వాళ్ళు అనేది, తప్పు గొంతుదనే అనుకునేదీ సగం సార్లు ఇదే. చెవుల వరకు కోసి, లోపల అంచుకి మెత్తటి పట్టీ వేయించి, గడ్డం కింద తాడు బిగిస్తే సరిపోతుంది. అర పూట పని.

దద్దరిల్లడం అనే దానికి నాకు మరీ ఒళ్ళు మండింది. మైకుల్లేని రోజుల్లో చివరి వరసలో గొంగళి కప్పుకుని కూర్చున్న మనిషికి పద్యం చేరాలంటే నాలుగు శ్రుతో, అంతకన్నా పైనో పాడక తప్పేది కాదు. శ్రుతి అంటే పాడేవాళ్ళు ‘స’గా పట్టుకునే హార్మోనియం మెట్టు, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి లేవాలి, అర అంటే నల్ల మెట్టు. ఆ అవసరమే తర్వాత పౌరుషమైపోయింది. ఇప్పుడు స్టేజీకి అటూ ఇటూ నిలువెత్తు స్పీకర్లు పెట్టుకుని కూడా ‘మావాడు నాలుగున్నరలో పాడతాడు’ అని చెప్పుకోవడం దేనికి? ఆ శ్రుతిలో పై పంచమం, అంటే పైస్థాయి ‘ప’, అందుకోబోయి మెడ నరాలు తేలితే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లలో పద్యంలోని ఆఖరి పాదం ఏమైందో ఎవరికీ అక్కర్లేదు.

రాగాన్ని ఫోను గడియారంతో కొలిచే జబ్బు ఇంకోటి. నాలుగో పాదం చివరి అక్షరం పట్టుకుని ఎవరు ఎంతసేపు లాగారన్నది లెక్క. ఫలానా ఆయన ఇంత లాగాడు, ఈవిడ లాగగలదా అని సాయంత్రం పందెం దాకా వచ్చింది. రాయబారం కృష్ణుడంటే షణ్ముఖి ఆంజనేయరాజు గారి రాగం అన్నవాళ్ళూ, పీసపాటి నరసింహమూర్తి గారి మాట విరుపు అన్నవాళ్ళూ ఎప్పటినుంచో రెండు జట్లు. నాది రెండో జట్టని మీకు చెప్పక్కర్లేదు. పద్యం అర్థమై, ఆ అర్థం మీద రాగం నిలబడితే ఎంతసేపైనా వింటా. కానీ ఒక్క పాదం సరిగ్గా విరవడం రాని వాళ్ళు కూడా రాగం దగ్గర సింహాలే.

ఉదాహరణకి ‘జెండాపై కపిరాజు’. శార్దూలం, పాదానికి 19 అక్షరాలు, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కలవాల్సింది, 13వ అక్షరం. ‘జెండాపై కపిరాజు ముందు సితవాజిశ్రేణియుం’ దాకా వేళ్ళ మీద లెక్కపెట్టండి. 13వ అక్షరం ‘వాజి’లోని ‘జి’ మీద పడుతుంది. యతి దగ్గర ఊపిరి తీసుకోవాలని ఎవరో నేర్పిన పాఠం పట్టుకుని ‘సితవా’ అని ఆగి, గాలి పీల్చి, ‘జిశ్రేణి’ అని అందుకునేవాళ్ళని ఎందర్ని విన్నామో. అర్జునుడి తెల్ల గుర్రాన్ని యుద్ధానికి ముందే రెండు ముక్కలు చేస్తారు. ‘ముందు’ దగ్గర చిన్న ఊపిరి తీసుకుని ‘సితవాజిశ్రేణియుం’ ఒక్క పట్టున అంటే గుర్రాలు గుర్రాల్లా వస్తాయి. యతి చెవికి, ఊపిరి అర్థానికి. ‘అలుగుటయే’ చంపకమాల, మొదలే నాలుగు లఘువులు, అక్కడ తొందరపడితే మెట్లు దిగుతూ జారినట్టుంటుంది. ‘చెల్లియో చెల్లకో’ ఉత్పలమాల, మొదటి అక్షరమే గురువు, నిలబడి మొదలుపెట్టుకోవచ్చు. ఏ పద్యం ఎక్కడ నిదానించాలో ఛందస్సే చెబుతుంది. ఇది మగాడికైనా ఆడదానికైనా ఒకటే. ఈ పరీక్ష పెట్టరేం వీళ్ళు?

సరే, ఒక్కరే కృష్ణుడన్న మాట. దీని మీద మాత్రం అరుగంతా ఒక్కటైపోయింది, ‘కుదరదు’ అని. రాయబారానికి ముగ్గురు కృష్ణులు ఉండాలట. అదేదో తిరుపతి వెంకట కవులు రాసిపెట్టినట్టు. వాళ్ళు రాసింది ఒక్క కృష్ణుణ్ణే. ముగ్గుర్ని చేసింది కాంట్రాక్టు. పడక సీనుకొకరు, పాండవులతో సంప్రదింపులకొకరు, కౌరవసభకొకరు. ఒక్కో సమాజం ఒక్కోలా పంచుతుంది. హరిశ్చంద్రకీ అంతే, మొదటి హరిశ్చంద్రుడు వేరు, కాటి సీను హరిశ్చంద్రుడు వేరు. పోస్టరు మీద మూడు ఫోటోలు పడితే మూడు ఊళ్ళ అభిమానులొస్తారు. ఒకాయన గొంతు బొంగురుపోతే ఇంకొకాయన ఉంటాడు. ఒకరి మీద ఒకరికి పోటీ ఉంటే వన్స్‌మోర్లు పెరుగుతాయి, నోట్లు గుచ్చేవాళ్ళూ పెరుగుతారు. వ్యాపారంగా తప్పేం లేదు. కానీ కథ? పడక సీనులో కొంటెగా కన్ను తెరిచిన కృష్ణుడే కౌరవసభలో కులనాశనం గురించి హెచ్చరిస్తున్నాడని కొత్తగా చూసే పిల్లలకి ఎలా తెలియాలి? మా చిన్నోడు పోయినసారి ‘ఈయన కృష్ణుడి అన్నయ్యా?’ అని అడిగాడు. సమాధానం చెప్పలేక మరమరాలు కొనిచ్చాం.

ఇక్కడిదాకా రాసి, ఆవిడే వెయ్యాలి, ఒక్కరే వెయ్యాలి అని గట్టిగా తేల్చేద్దామనుకున్నా. కానీ ఆ పెదపూడి వైపు నాటకం గుర్తొచ్చింది.

రెండో కృష్ణుడు రావాల్సిన బస్సు ఎక్కడో ఆగిపోయింది. అప్పట్లో చేతుల్లో ఫోన్లు లేవు. పడక సీను వేసిన ఆయన్నే అలా కొనసాగించారు. ఆయన గొంతు నాలుగు శ్రుతిలో కట్టుకున్నది. ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ని అద్భుతంగా అన్నాడు, మామూలుగా ఆ పద్యం అయ్యాక మేకప్ తుడిచేసుకుని వెళ్ళిపోయే మనిషి కదా, ఉన్న గొంతంతా అక్కడే ఖర్చుపెట్టేశాడు. వన్స్‌మోర్ అంటే రెండోసారీ అన్నాడు. అర్ధరాత్రి దాటాక మంచు దిగింది. ఎవరో ప్రేమగా చల్లటి సోడా ఇచ్చారు, అదింకో నాశనం. సంప్రదింపుల సీను అయ్యేసరికి మధ్యస్థాయి బాగానే ఉంది గానీ పై షడ్జమం, అంటే పైస్థాయి ‘స’, తాకితే గాలి తప్ప నాదం రావట్లేదు.

ఆ రాత్రి లెగ్ హార్మోనియం (కాలితో తొక్కి వాయించేది) మీద ఉన్నది మామయ్యగారే. దుర్యోధనుడు వచనం అందుకున్నప్పుడు, ఆ మాటల చాటున, నాలుగు మీద పట్టుకున్న షడ్జమాన్ని వదిలేసి రెండున్నర మీద చెయ్యి పెట్టి చిన్నగా మోగించారట. నటుడు ఇటు ఓ చూపు చూసి అందుకున్నాడు. మధ్యలో ఒక్క మూడు శ్రుతి మెట్టు వదిలి దిగడమే. మూడున్నర అని ఒకటి లేదు కదా హార్మోనియంలో, మూడు తర్వాత నాలుగే. ‘మూడున్నరకి దించండి’ అన్న కాంట్రాక్టరు కథ ఇంకోసారి చెప్పుకుందాం. ఆ దించిన కాస్తలోనే గొంతు బతికింది. కౌరవసభ పద్యాలు పై పంచమాల దాకా పోకుండా, మధ్యమం దగ్గర తిప్పుకుని, మాట మీద నిలబెట్టి గట్టెక్కించాడు. వేలమంది ఉన్న మైదానంలో శ్రుతి మారిన సంగతి ఎవరికీ తెలియలేదు. తెలిసేదే, తబలా వల్ల. తబలా నాలుక్కి కట్టి ఉంది. పద్యం నడిచేటప్పుడు తాళం ఉండదు గనక ఇబ్బంది లేదు, పద్యం అయ్యీ అవ్వగానే వేసే ముక్తాయింపులో కుడి తబలా ఖంగుమంటే పైన వేరే షడ్జమం, కింద వేరే షడ్జమం. తబలా ఆయన గ్రహించి, ఆ సీనంతా ఎడమచేతి డగ్గా మీదనే గుమ్‌గుమ్మని ముక్తాయించి వదిలేశాడు. గంభీరంగా ఉందని తర్వాత మెచ్చుకున్నారు కూడా.

ఈ కథ తల్చుకుంటే ఒక్కరితో వేయించడం మంచిదో కాదో అనుమానమొచ్చింది. ఒక్కరే వెయ్యాలంటే మొదటినుంచీ ఒక్కరి నాటకంగానే కట్టాలి. పడక సీనులో గొంతు దాచుకోవాలి, అక్కడ వన్స్‌మోర్ ఇవ్వకూడదు, సంప్రదింపుల్లో పద్యాలు కొన్ని కోసి వచనం చెయ్యాలి. రాత్రి తొమ్మిదిన్నరకి తెరెత్తితే కౌరవసభ రెండు లోపు పడాలి, తెల్లవారుజామున నాలుగింటికి ఏ గొంతూ గొంతులా ఉండదు. ఉపన్యాసాలూ శాలువాలూ తెరెత్తక ముందే ముగియాలి. ఇవన్నీ ఒప్పుకునే తిరునాళ్ళ కమిటీ ఎక్కడుంది? చదివింపుల పేర్లు చదవడానికే గంట కావాలంటారు. అంటే అరుగు మీద వాళ్ళ ‘కుదరదు’ తప్పుడు కారణంతో పుట్టిన సరైన మాటేమో.

అంతకన్నా పెద్దది ఇంకోటుంది, అది సాయంత్రం ఒక్కరూ ఎత్తలేదు. కృష్ణుడెవరు, కృష్ణుడెవరు అని కొట్టుకుచచ్చారే గానీ దుర్యోధనుడి శ్రుతి ఎంత అని ఎవరూ అడగలేదు. ఆవిడది ఐదున్నర, హరికథల్లో విన్నాం. దుర్యోధనుడు వేసే ఆయనది నాలుగని ఊరంతా ఎరుగును, ఆయనే చెబుతారు. కౌరవసభలో పద్యానికి పద్యం. ఆవిడ ఐదున్నరలో ఆపితే, ఆయన నాలుగులో అందుకోవాలి. మళ్ళీ ఆవిడ. హార్మోనియానికి ఫర్వాలేదు, చెయ్యి మార్చడమే. వినేవాళ్ళ చెవి మాత్రం ప్రతి పద్యానికీ కుదుట పడేలోపు ఆ పద్యం కాస్తా అయిపోతుంది. తబలా ఒకదానికి కడితే ఇంకొకదానికి పనికిరాదు. తబలా పట్టీల కింద ఉండే చెక్క గట్టాలు సుత్తితో కొట్టి అర మెట్టో ఒక మెట్టో పెంచొచ్చు, తగ్గించొచ్చు. నాలుగు నుంచి ఐదున్నర మూడు మెట్లు, అంత లాగితే తోలు నాదం చచ్చిపోతుంది, తెగినా తెగుతుంది. నడుస్తున్న సీనులో సుత్తి పట్టుకుని కూర్చోవడం ఎలాగూ కుదరదు. సౌండు ఆయన సంగతి సరేసరి. మగగొంతులకి పెట్టిన మిక్సరు అలాగే ఉంచేస్తే ఆవిడ పైకి వెళ్ళిన ప్రతిసారీ మైకు కూత పెడుతుంది. ఆవిడ మైకుకి కింది గుమ్ము తగ్గించి, పైన కీచుమనేది ఇంకాస్త తగ్గించి, మిక్సరులో వేరే ఛానల్ మీద పెట్టుకోవాలి. కాలర్ మైకు పెడితే మెడలో హారాలు రాసుకుని కరకరలాడుతుంది, కాబట్టి స్టాండు మైకే.

భోజనాలయ్యాక ఇదంతా మామయ్యగారి ముందు పెట్టి, ‘ఇక కుదరదులెండి’ అన్నా. ఆయన మాట్లాడలేదు. హార్మోనియం పెట్టె మూత తీసి, ఒకటిన్నర మీద వేలు పెట్టారు. దాని పంచమం వాయించారు. తర్వాత ఆ పంచమం మీదే వేలుంచి, ‘ఇదేంటమ్మా?’ అన్నారు. ఐదున్నర.

దుర్యోధనుడు ఒకటిన్నర శ్రుతిలో పాడితే ఆయన పంచమం, ఆవిడ షడ్జమం ఒక్కటే మెట్టు. రెండు గొంతులకీ కలిపి రెండే మెట్లు మోగుతుంటే చాలు. ఆయనకి అవి స-ప అవుతాయి, ఆవిడకి మ-స అవుతాయి. తబలా ఐదున్నరకి కడితే ఆవిడకి షడ్జమం, ఆయనకి పంచమం, ఇద్దరి ముక్తాయింపుకీ అదే ఖంగు. మెట్టు మార్చక్కర్లేదు, సుత్తి అక్కర్లేదు. ఒకటికి ఐదు, ఒకటిన్నరకి ఐదున్నర, రెండుకి ఆరు, రెండున్నరకి ఆరున్నర, ఇలా జత కుదిరే చోట్లు బోలెడు. మామూలు మగగొంతుకి ఒకటిన్నర హాయి. దుర్యోధనుడి పద్యం అడుగునుంచి గంభీరంగా లేస్తుంది, కృష్ణుడి పద్యం దాని మీద వెలుగుతుంది. అది వింటుంటే నాకు, ఈ పాత్రకి ఆడగొంతు సర్దుబాటు కాదు, కావాల్సిందే అదేమో అనిపించింది. ఒక్క నిమిషమే లెండి.

ఎందుకంటే ఇప్పుడు ఆ దుర్యోధనుడికి ఎవరు చెప్పాలి? నాలుగు శ్రుతి ఆయన బిరుదులాంటిది. శాలువా కప్పినప్పుడల్లా వ్యాఖ్యాత ఆ మాట చెప్పి తీరాలి. ఒకటిన్నరకి దిగమంటే, ఆడదాని కోసం దిగమన్నారనే వింటారు తప్ప పంచమం కుదురుతుందన్నది వినరు. అరుగు మీద ముగ్గురూ ఆయన జట్టే. మా ఆయన ఫోను చేస్తానని ఊగుతున్నారు, నేనే లాక్కుని పక్కన పెట్టా. చెప్తే మామయ్యగారే చెప్పాలి. మామయ్యగారికీ ఆ దుర్యోధనుడికీ చిలకలూరిపేటలో జరిగిన గొడవ నుంచీ మాటల్లేవు.

ఆయన ఒప్పుకోకపోతే రెండు తబలాలు తెచ్చుకోవడమే దారి, ఒకటి నాలుక్కి, ఒకటి ఐదున్నరకి కట్టి పక్కపక్కన. మంచుకి రెండూ దిగుతాయి గనక కౌరవసభకి ముందు తెర వేసుకుని మళ్ళీ సరిచూసుకోవాలి. తబలా ఆయన ఇంకో జత మోసుకొచ్చినందుకు పైన అడుగుతారు. అడగాలి కూడా. ఆ డబ్బు కాంట్రాక్టరు ఇవ్వాలా, కమిటీ ఇవ్వాలా అన్నది రేపటి అరుగు పంచాయతీకి వదిలేస్తున్నా.